ఇంచీ టేపు యాగీతో నా అనుభవం

హ్యామ్ (సరదాకి చేసే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు వచ్చాక అందరిలాగే నేనూ ముందు ఒక 5 వాట్ల హ్యాండీ, అంటే చేతిలో పట్టే రేడియో, కొన్నాను. దానితో పాటు వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నాతో విశాఖ ఊళ్లో ఉన్నవాళ్లతో మాట్లాడొచ్చు, అంతవరకే. మాది గోపాలపట్నం. మాకూ విజయనగరానికీ మధ్య సింహాచలం కొండ అడ్డం. అక్కడున్న మిత్రుడు సింప్లెక్స్‌లో, అంటే మధ్యలో ఏ స్టేషనూ లేకుండా నేరుగా, పిలిస్తే నాకు గరగర తప్ప మాట వినపడేది కాదు.

ఎవరిని అడిగినా పవర్ పెంచమనే చెప్పారు. కార్లలో పెట్టుకునే 50 వాట్ల రేడియో సెట్టు కొను, దానికో పవర్ సప్లై పెట్టు, మేడ మీద పొడుగాటి యాంటెన్నా నిలబెట్టు అన్నారు. నాకు ఆ దారి నచ్చలేదు. పవర్ పెంచితే మన మాట దూరం పోతుంది గానీ, అవతలివాళ్ల మాట మనకు వినపడటంలో పిసరంత తేడా కూడా రాదు. యాంటెన్నా బాగుంటే పోయేదీ వచ్చేదీ రెండూ బాగుపడతాయి. పైగా నాకు అసలు ఆశ వినడం మీదే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడూ 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతారు. వాటిని నా చేత్తో పట్టుకోవాలన్నది నా కోరిక. అందుకని మూడు ఎలిమెంట్ల (లోహపు పట్టీల) చిన్న యాగీ, అంటే ఒక వైపుకే గురిపెట్టే యాంటెన్నా, చేసుకుందామని కూర్చున్నాను.

యాగీ మనకు కొత్తదేమీ కాదు. దూరదర్శన్ రోజుల్లో ఇంటింటి మేడ మీదా ఉన్నది అదే. పైన ఒకరు గొట్టం తిప్పుతుంటే కింద నుంచి "వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది" అని అరిచిన ఇళ్లలోనే మనందరం పెరిగాం. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ 1926లో దీన్ని లోకానికి చెప్పారు. మధ్యలో ఉన్న డ్రివెన్ ఎలిమెంట్‌కే కేబుల్ తగులుతుంది. వెనక కాస్త పొడవుగా రిఫ్లెక్టరు, ముందు కాస్త పొట్టిగా డైరెక్టరు ఉంటాయి. ఆ రెంటికీ ఏ తీగా తగలదు. అయినా వాటి పొడవుల తేడా వల్లా, వాటి మధ్య దూరం వల్లా తరంగాలు ముందు వైపు కలిసి బలపడతాయి, వెనక వైపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడు ఎలిమెంట్లు ఉంటే మామూలు డైపోల్ (రెండు కాళ్ల సాదా యాంటెన్నా) కంటే బలం 5, 6 డీబీ (డెసిబెల్) ఎక్కువ వస్తుంది. అంటే యాంటెన్నా చూసే వైపున నా 5 వాట్లు ఇంచుమించు 20 వాట్లతో సమానం. రబ్బరు యాంటెన్నా డైపోల్ కంటే కూడా బాగా తక్కువది కాబట్టి నాకు కనపడిన తేడా అంతకంటే పెద్దది.

ఎలిమెంట్లకు వడ్రంగులు వాడే ఇంచీ వెడల్పు స్టీలు టేపు తీసుకున్నాను. ఈ డిజైన్ చాలా ఏళ్లుగా హ్యాముల చేతుల్లో తిరుగుతున్నదే. రిఫ్లెక్టరు 105 సెంటీమీటర్లు, డైరెక్టరు 89, డ్రివెన్ ఎలిమెంటు 45 చొప్పున రెండు ముక్కలు, వాటి మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. రిఫ్లెక్టరు నుంచి డ్రివెన్ ఎలిమెంటుకు 20 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి డైరెక్టరుకు 32. అసలు కొలతలు 146 మెగాహెర్ట్జ్ దాటిన చోటుకి లెక్క వేసినవి. మన దేశంలో హ్యాములకి ఇచ్చిన ఈ బ్యాండు 144 నుంచి 146 దాకానే. అందుకే ప్రతి ముక్కకూ ఒక సెంటీమీటరు అదనంగా ఉంచుకుని, తర్వాత కొలుస్తూ కత్తిరించాను. వెన్నెముకకి అర అంగుళం పీవీసీ పైపు. దాని మీద ఎలిమెంట్లను గ్యాస్ పైపుకి బిగించే రకం స్టీలు క్లాంపులతో బిగించాను. హార్డ్‌వేర్ షాపులో దొరకనిది ఇందులో ఏదీ లేదు. టేపు కొసలు కత్తిలా ఉంటాయి. వాటిని గుండ్రంగా కత్తిరించి ఇన్సులేషన్ టేపు చుట్టడం మరిచిపోకండి, పక్కన నిలబడేవాళ్ల కళ్లకి మంచిది.

ఈ పనిలో ఓపిక కావలసింది సోల్డరింగుకి. టేపు మీద పసుపు రంగు ఉంటుంది, దాని కింద గట్టి స్ప్రింగు స్టీలు. రంగంతా గరుకు కాగితంతో గీకి, లోహం తళతళలాడేదాకా రుద్ది, ఫ్లక్స్ రాసి, ముందు టేపు మీద పలుచగా సీసం పూత పట్టించాలి. మామూలు 25 వాట్ల ఐరన్ వేడి దీనికి చాలదు, స్టీలు ఆ వేడిని లాగేసుకుంటుంది. 60 వాట్లది తెచ్చాక సీసం నీళ్లలా పాకింది. ఆ పూత సరిగా పట్టిందంటే కోయాక్స్ (రేడియోకి వెళ్లే కేబుల్) లోపలి తీగ ఒక ముక్కకీ, పైన అల్లిక తీగ రెండో ముక్కకీ అతకడం రెండు నిమిషాల పని.

కోయాక్స్ తగిలిన చోటే రెండు ముక్కలనూ కలుపుతూ యూ ఆకారంలో వంచిన చిన్న రాగి తీగ ఒకటి ఉంటుంది. హెయిర్‌పిన్ అంటారు దాన్ని. మొదటిసారి చూసేవాళ్లకి రెండు కొసలనూ షార్ట్ చేసేశారేమిటి అనిపిస్తుంది. ఎలిమెంట్లు ఇంత దగ్గరగా ఉంటే డ్రివెన్ ఎలిమెంట్ ఇంపీడెన్సు (రేడియో కరెంటుకి అది చూపే అడ్డు) కేబుల్‌కి కావలసిన 50 ఓంలకి బాగా కిందకి పడిపోతుంది, కేబుల్‌తో పొత్తు కుదరదు. డ్రివెన్ ఎలిమెంట్‌ను కావాలనే కాస్త పొట్టిగా ఉంచితే అది కెపాసిటరులా ప్రవర్తిస్తుంది. ఈ చిన్న తీగ కాయిల్‌లా పనిచేసి దాన్ని సరిచేస్తూ ఇంపీడెన్సును 50 దగ్గరికి లాగుతుంది. హెయిర్‌పిన్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి నానోవీఎన్ఏ అనే చిన్న కొలత పరికరం మీద కొలిచి చూశాను. లేనప్పుడు గీత ఎక్కడో పైన పాకింది. పెట్టి, తీగ రెండు కాళ్లనూ వేళ్లతో దగ్గరికి నొక్కుతూ పోతే 145 దగ్గర గీత లోయలా కిందకి దిగి ఎస్‌డబ్ల్యూఆర్ (పొత్తు ఎంత కుదిరిందో చెప్పే అంకె, ఒకటి అయితే పూర్తిగా కుదిరినట్టు) ఒకటిన్నర లోపలికి వచ్చింది. పుస్తకంలో ఇంపీడెన్సు మ్యాచింగ్ అని చదివిన మాట నా వేళ్ల కింద కదలడం చూడటం గొప్పగా ఉంటుంది. ఆ ఒక్క అనుభవం కోసమైనా యాంటెన్నా కొనకుండా చేసుకోమని అందరికీ చెప్తాను.

కేబుల్ విషయంలో రెండు మాటలు. ఎలిమెంట్లకు సమాంతరంగా వేలాడదీస్తే అది కూడా యాంటెన్నాలో భాగమైపోయి దిశంతా చెడగొడుతుంది. పైపు వెంబడే రిఫ్లెక్టరు వెనక దాకా తెచ్చి, అక్కణ్ణుంచి కిందకి దింపాలి. చెయ్యి పట్టుకోవలసింది కూడా రిఫ్లెక్టరు వెనకే. ఇక హ్యాండీకి ఉండే ఎస్‌ఎంఏ సాకెట్టు సున్నితమైనది. లావు కేబుల్ బరువు దాని మీద పడితే కొన్నాళ్లకి ఊగిపోతుంది. మధ్యలో జానెడు సన్న కేబుల్ పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

మేడ ఎక్కి మొదట చేసిన పని ఎవరినీ పిలవడం కాదు, స్క్వెల్చ్ (మాట లేనప్పుడు గరగరను అణిచే ఏర్పాటు) పూర్తిగా తెరిచి యాంటెన్నాను మెల్లగా చుట్టూ తిప్పడం. ఉత్తర దిక్కున మామూలు గరగర తప్ప ఏమీ లేదు. తూర్పుకి తిరిగేసరికి మిత్రుల మాటల మీద బర్‌ర్‌మని ఒక రొద. బలంగా వినపడే దిక్కు చాలా వెడల్పుగా ఉంటుంది, ఏ 60 డిగ్రీలో. అందులో సరిగ్గా ఎక్కడ అన్నది చెవికి తెలియదు. అదే యాంటెన్నా వీపును రొద వైపు తిప్పి పట్టుకుంటే, రొద మాయమయ్యే చోటు చాలా సన్నగా, కచ్చితంగా ఉంటుంది. అలా వెనక్కి తిప్పి చూసుకుంటూ నడిస్తే మా మెట్ల గదిలో సీసీ కెమెరాల అడాప్టరు దగ్గర తేలాను. వాచ్‌మన్ వెంట వచ్చి, "ఏంటి సార్, కరెంటు చూస్తున్నారా?" అన్నాడు. "ఒక్క నిమిషం ఆ ప్లగ్గు తియ్యి బాబూ" అన్నాను. తీశాడు. తూర్పంతా ప్రశాంతం. అసోసియేషన్‌తో మాట్లాడి అడాప్టరు మార్పించాం.

చిన్న యాగీకి గెయిన్ (ముందు వైపు పెరిగే బలం) ఎంత అని అందరూ అడుగుతారు. వెనక ఎంత చెవుడు అని అడగాలంటాను నేను. మన ఊళ్లలో ఎల్‌ఈడీ బల్బులూ, ఇన్వర్టర్లూ, చౌక అడాప్టర్లూ నింపే రొద మధ్య, అక్కరలేని వైపు వినకుండా ఉండటమే దూరపు సన్నటి గొంతును కాపాడుతుంది.

తర్వాత విజయనగరం మిత్రుడితో. ఆయనది నిలువు యాంటెన్నా కాబట్టి నేనూ ఎలిమెంట్లు నిలువుగా ఉండేలా పట్టుకున్నాను. మాట అర్థమయ్యేంతగా వచ్చింది. అడ్డంగా తిప్పితే గొంతు గరగరలోకి జారిపోయింది. పోలరైజేషన్ (తరంగం నిలువా అడ్డమా అన్నది) కలవకపోతే ఎంత నష్టమో అప్పుడు చెవులకి తెలిసింది. ఇంకో సంగతి కూడా చూశాను. మ్యాపు ప్రకారం ఆయన ఉన్న దిక్కు కొండ నడుముకి ఎదురు. కానీ గొంతు బలంగా వచ్చింది అక్కణ్ణుంచి కాదు, యాంటెన్నాను కొండ తూర్పు కొస వైపు చూపించినప్పుడు. తరంగం కొండ అంచు దగ్గర వంగి వస్తోంది. "ఐదుకి తొమ్మిది" (మాట స్పష్టతకి ఐదు, బలానికి తొమ్మిది, అంటే చాలా బాగా వినపడుతోంది) అని ఆయన రిపోర్టు ఇస్తే వింటూ నిలబడ్డాను. మ్యాపు చెప్పిన దిక్కు నుంచి మొదలుపెట్టండి గానీ, చెవి చెప్పిన దిక్కు దగ్గర ఆగండి.

ఇక అంతరిక్ష కేంద్రం. 145.825 మీద దాని నుంచి డిజిటల్ ప్యాకెట్లు చాలా కాలంగా వస్తున్నాయి. సాధన అంతా వాటి మీదే చేశాను. కేంద్రం భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. నెత్తి మీద ఉన్నప్పుడు అంతే దూరం, దిగంతంలో ఉన్నప్పుడు 2,000 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఒకే పాస్‌లో (మన ఆకాశాన్ని ఒకసారి దాటేలోపు) సిగ్నల్ బలం పాతిక రెట్లకి పైగా మారుతుంది. అందుకే గరిష్ఠ ఎత్తు 40 డిగ్రీలకి పైన ఉన్న పాస్‌లనే ఎంచుకున్నాను. మొదలయ్యే దిక్కు, అత్యంత ఎత్తున ఉండే దిక్కు, ముగిసే దిక్కు ముందుగా ఫోన్‌లో చూసుకుని, దిక్సూచి పెట్టి మేడ నేల మీద సుద్దతో మూడు గీతలు గీసుకున్నాను. మన ప్రాంతంలో దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటే, సవరించక్కర్లేదు. స్టీలు టేపును మాత్రం దిక్సూచికి దూరంగా పెట్టాలి. చీకటి పడగానే వచ్చే పాస్ అయితే కేంద్రమే నక్షత్రంలా మెరుస్తూ కనపడుతుంది. పగలు ఆ గీతలే దిక్కు.

వాయవ్యం నుంచి వచ్చి ఆగ్నేయానికి పోయే పాస్‌లు మా ఊరికి బాగుంటాయి. మొదట్లో కొండ కొంత మింగుతుంది గానీ, చివర బంగాళాఖాతం మీద ఏ అడ్డూ లేదు, దిగంతం దాకా వినపడుతుంది. అంతరిక్ష కేంద్రానికి నిలువూ అడ్డమూ అని ఒకటి ఉండదు, మనకు కనపడే కోణం క్షణక్షణం మారుతుంది. సిగ్నల్ పలచబడగానే మణికట్టు మెల్లగా తిప్పితే మళ్లీ వస్తుంది. స్టాండు మీద బిగించిన పెద్ద యాంటెన్నాకి లేని సుఖం ఇది. కేంద్రం వేగంతో వచ్చే డాప్లర్ మార్పు వల్ల ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్ పైన జరుగుతుంది గానీ, ఈ బ్యాండులో ఎఫ్‌ఎం రిసీవరు దాన్ని తట్టుకుంటుంది. హ్యాండీలో బ్యాటరీ సేవర్ ఆపేయాలి, స్క్వెల్చ్ సున్నా చెయ్యాలి.

బొమ్మలు పంపే రోజులు వచ్చాయి. అవి పీడీ120 అనే పద్ధతిలో వస్తాయి. 640 చుక్కల వెడల్పు, 496 గీతల బొమ్మ రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. తర్వాత కాసేపు ఖాళీ. పది నిమిషాల పాస్‌లో రెండో మూడో బొమ్మలు దక్కుతాయి. హ్యాండీ స్పీకరు దగ్గర ఫోన్ పెట్టి డీకోడ్ చెయ్యొచ్చు గానీ, మేడ మీద గాలి హోరు ఎక్కువ. నేను ఇయర్‌ఫోన్ సాకెట్టు నుంచి ఫోన్‌కి తీగ వేసుకున్నాను. గరగర మధ్య నుంచి ఆ వణికే రాగం మొదలై, తెర మీద పైనుంచి ఒక్కో గీతా రంగులతో నిండుతూ, మూలన ఆర్‌ఎస్0ఐఎస్‌ఎస్ అన్న కాల్‌సైన్ (స్టేషను గుర్తు పేరు) కనపడేసరికి ఒళ్లు పులకరించింది.

ఆ బొమ్మను తర్వాత తీరిగ్గా చూస్తే ఇంకో చదువు ఉంది అందులో. రెండు చోట్ల అడ్డంగా చారల్లా చుక్కలు పడ్డాయి. గీతలు లెక్కపెట్టి సమయం కట్టుకుంటే, మొదటి చార పోలరైజేషన్ మారిన చోటు. రెండోది కేంద్రం నెత్తి మీదుగా దాటుతున్న చోటు. అక్కడ దిక్కు చాలా తొందరగా మారుతుంది, యాంటెన్నా వెనకబడుతుంది. తర్వాతి పాస్‌లో నెత్తి మీదకి రాకముందే శరీరం తిప్పి నిలబడ్డాను. ఆ బొమ్మలో రెండో చార లేదు. నా చెయ్యి ఎలా కదిలిందో గీతలవారీగా రాసిపెట్టే గురువు దొరికినట్టయింది.

2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో ఉన్నప్పుడు హ్యామ్ రేడియోలో మన విద్యార్థులతో మాట్లాడిన వార్త చూసిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్ పిల్లలు మేడ మీదకి వస్తున్నారు. యాంటెన్నా వాళ్ల చేతికే ఇస్తాను. వినడానికి తిప్పమంటాను, మాట పంపే పీటీటీ బటన్ నొక్కడం మాత్రం లైసెన్సు ఉన్నవాళ్ల పని అని ముందే చెప్తాను. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన హ్యామ్‌శాట్ ఉపగ్రహం కూడా ఇదే 145 మెగాహెర్ట్జ్ మీద భూమికి పలికేదని, 2014 దాకా పనిచేసిందని చెప్తే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. పరీక్ష రాస్తామన్నవాళ్లకి హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ గురించీ, మొదటి మెట్టు లైసెన్సు అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలూ గీతల సంకేతాలు) అక్కర్లేదన్న సంగతీ చెప్తున్నాను.

ప్రస్తుతం వీళ్లతో ఫాక్స్ హంట్ ఆడించే ఏర్పాట్లలో ఉన్నాను. ఒక చిన్న ట్రాన్స్‌మిటరును ఎక్కడో దాచిపెట్టి, దిక్కు పట్టుకుంటూ వెళ్లి దాన్ని కనుక్కోవడం ఆట. దగ్గరికి వెళ్లేకొద్దీ సిగ్నల్ మరీ బలమై అన్ని వైపులా ఒకేలా వినపడుతుంది, అక్కడ ఏ దిక్కూ తెలియదు. ఫ్రీక్వెన్సీని 5, 10 కిలోహెర్ట్జ్ పక్కకి జరిపి బలం తగ్గించుకోవడం ఒక ఉపాయం. అది కూడా చాలనప్పటికి సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటరు ఒకటి కడుతున్నాను, పెట్టె మూత ఇంకా బిగించాలి.