కట్ట పోశాకే నీళ్లు

ఈమధ్య తెలుగులో వస్తున్న వ్యాసాల పుస్తకాలు చాలావాటిలో ఏ పేజీ తెరిచినా బాగుంటుంది, మొదటి నుంచి చివరిదాకా చదవడమే కష్టమవుతుంది. వాక్యాలకు వంక పెట్టలేం, విషయం మీద పట్టూ కనిపిస్తుంది. అయినా నలభయ్యో పేజీ దాటకుండానే పుస్తకం పక్కకు వెళ్లిపోతుంది. చాలాసార్లు కారణం ఒకటే. అవి ఫేస్‌బుక్‌లోనో ఆదివారం అనుబంధంలోనో విడివిడిగా వచ్చిన వ్యాసాలు. విడిగా వచ్చిన ప్రతి వ్యాసమూ తనను తాను మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి, చివర్లో తనకు తానే ముగింపు పలకాలి. అలాంటివి ముప్పై ఒకచోట కుడితే పాఠకుణ్ని ముప్పైసార్లు గుమ్మంలోనే పలకరించి పంపేసినట్టవుతుంది. ఇంట్లోకి రమ్మనేది ఎప్పుడు? అందుకే పుస్తకానికి వాక్యాల కంటే ముందు నిర్మాణం కావాలి.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలకూ ఇదే చిక్కు. వారం వారం చివర ఒక ఉత్కంఠ, మళ్లీ వారం మొదట్లో జరిగిన కథను గుర్తుచేసే నాలుగు వాక్యాలు. పుస్తకంగా వేసేటప్పుడు వాటిని తీసెయ్యకపోతే ఐదారు పేజీలకొకసారి కుదుపే.

ఒక ఉదాహరణ పట్టుకుని మాట్లాడుకుందాం. మీ ప్రాంతంలోని గొలుసుకట్టు చెరువుల మీద, అంటే ఒకటి నిండితే నీళ్లు కిందిదానికి పోయేలా వరుసగా కట్టిన చెరువుల మీద పుస్తకం రాయాలనుకున్నారు. సమాచారం దండిగా ఉంది. ఊళ్లో పెద్దలు చెప్పినవి, రెవెన్యూ రికార్డులు, శాసనాలు, ఫొటోలు. కూర్చుని రాయడమే తరువాయి అనిపిస్తుంది. అక్కడే ఆగాలి.

ముందు కొలత తేల్చుకోండి. డెమ్మీ 1/8 సైజులో 160 పేజీలు అనుకుందాం. ప్రెస్సులో పేజీలు విడివిడిగా కాదు, ఫారాలుగా అచ్చవుతాయి. ఫారానికి 16 పేజీలు, అంటే సరిగ్గా పది ఫారాలు. మొదటి పేజీలు, విషయసూచిక, ముందుమాట, చివర పదాల పట్టికకు కలిపి 12 పేజీలు తీసేయండి. ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలవుతుంది కాబట్టి వృథా పోయే ఖాళీ ఓ ఎనిమిది పేజీలు. మిగిలింది 140. మామూలు అక్షరాల సైజులో పేజీకి 230 మాటల చొప్పున 32,000 మాటలు. పన్నెండు అధ్యాయాలైతే ఒక్కోదానికి 2,700. ఈ లెక్క గోడమీద ఉంటే, కాకతీయుల మీదే 9,000 మాటలు రాసేసి ఆయకట్టుకు, అంటే చెరువు కింద పారే పొలాలకు వచ్చేసరికి ఊపిరి అందని పరిస్థితి రాదు. ఒక అధ్యాయం 1,800కు తగ్గినా 3,600కు పెరిగినా ఫరవాలేదు. 6,000 దాటితే అది రెండు అధ్యాయాలని అర్థం, ఎక్కడ విరగాలో వెతకండి.

తర్వాత పుస్తకం ఏ ప్రశ్నకు జవాబో ఒక్క వాక్యంలో రాసి, దాన్నీ గోడమీద పెట్టండి. ‘చెరువుల గురించి’ అంటే ప్రశ్న కాదు, అది బీరువాలో అర పేరు. ‘ఈ గొలుసుకట్టు ఎలా పనిచేసింది, ఎందుకు ఆగింది, మళ్లీ పారాలంటే ఏం చెయ్యాలి’ అన్నది ప్రశ్న. ఇది రాశాక కొన్ని ఇష్టమైన సంగతులు బయటికి పోతాయి. చెరువు మీద మీరు సేకరించిన పాటలు ఎంత బాగున్నా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పకపోతే అవి వేరే పుస్తకానివి. ఈ బాధ ఇప్పుడే పడటం మంచిది. రాసేశాక తీసెయ్యాలంటే ఇంకా కష్టం.

ఇక చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో సంగతి, క్రియతో సహా పూర్తి వాక్యంగా. కట్టలోంచి నీళ్లు బయటికి వదిలే దారిని తూము అంటారు. చీటీ మీద ‘తూము’ అని మాత్రమే రాస్తే ఎందుకూ పనికిరాదు. ‘తూము మట్టం ఎత్తులో ఉంటే చెరువు అడుగున నీళ్లున్నా పొలానికి రావు’ అని రాయాలి. పూర్తి వాక్యం రాసినప్పుడే ఆ సంగతి దేనికి కారణమో, దేనికి ఫలితమో తెలుస్తుంది. ఎనభై దాకా చీటీలు తయారయ్యాక నేలమీద పరవండి. కంప్యూటర్లోనూ చెయ్యొచ్చు గానీ, ఎనభై వాక్యాలు ఒక్కచూపులో కనబడాలంటే నేలను మించింది లేదు.

వాటిని ఏ వరుసలో పేర్చాలన్నదే అసలు పని. చాలామంది కాలక్రమం పట్టుకుంటారు. కాకతీయులు, ఆ తర్వాతి రాజులు, నిజాం పాలన, 2015లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ. చూడటానికి పద్ధతిగా ఉంటుంది. కానీ పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల పేర్లన్నీ చదివి అరవయ్యో పేజీకి వచ్చిన పాఠకుడికి తూము అంటే ఏమిటో ఇంకా తెలియదు. తూము తెలియనివాడికి అంత పెద్ద చెరువు కట్టడంలోని గొప్పతనం ఎలా తెలుస్తుంది? రెండో దారి, ఊరికో అధ్యాయం. ఇది ఇంకా చెడ్డది. ప్రతి చెరువుకూ కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగు ఉంటుంది. పన్నెండు అధ్యాయాల్లో పన్నెండుసార్లు అవే చెప్పాలి.

మూడో వరుస నీళ్లే చూపిస్తాయి. వాన పడింది, వాగైంది, కట్ట దగ్గర ఆగింది, తూములోంచి కాలువలోకి, కాలువలోంచి ఆయకట్టుకు వెళ్లింది. ఎవరి పొలానికి ఎప్పుడు వదలాలో నీరటికాడు చూశాడు. మిగిలింది అలుగు దూకి కింది చెరువుకు పోయింది. ఆ తర్వాత పూడిక, శిఖం భూముల (చెరువు లోపల మునిగే నేల) ఆక్రమణ, తెగిన కట్టలు, మరమ్మతు. ఇక్కడ ఏ అధ్యాయాన్నీ అటూ ఇటూ మార్చలేరు. వరుస సరైనదో కాదో తెలుసుకునే పరీక్ష ఇదే: నాలుగో అధ్యాయాన్నీ ఏడో అధ్యాయాన్నీ తారుమారు చేసి చూడండి. పుస్తకానికి ఏ నష్టమూ జరగకపోతే వాటిని కలిపి ఉంచుతున్నది బైండింగు జిగురు మాత్రమే.

వరుస కుదిరాక ఒక జమాఖర్చు పట్టిక వేసుకోండి. ప్రతి అధ్యాయానికీ రెండు గళ్లు. ఎడమవైపు, ఇక్కడికి వచ్చేసరికి పాఠకుడికి తెలిసి ఉండాల్సింది. కుడివైపు, ఇక్కడ తెలుసుకుని వెళ్లేది. అలుగు అధ్యాయం తీసుకుందాం. ఎడమవైపు ఏం పడుతుంది? కట్ట ఎత్తు, ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి నీటి మట్టం, కట్ట పైఅంచు ఆ మట్టం కంటే ఎందుకు ఎత్తుగా ఉండాలన్నది. ఇవి కట్ట అధ్యాయం కుడిగడిలో ఉన్నాయా? లేకపోతే పాఠకుడు ఇక్కడ తట్టుకుని పడతాడు, ఎందుకు పడ్డాడో అతనికీ తెలియదు, ‘మధ్యలో కొంచెం బోరు’ అంటాడు. అదే సంగతి రెండు కుడిగళ్లలో కనబడితే రెండుసార్లు చెబుతున్నారన్నమాట. ఎవరికీ ఎడమగడిలో అవసరం పడని సంగతి కుడిగడిలో ఉంటే, అది పుస్తకానికి చేస్తున్న పనేమిటో అడగండి.

మాటల సంగతి కూడా ఈ పట్టికలోనే తేలుతుంది. అలుగునే తెలంగాణలో చాలాచోట్ల మత్తడి అంటారు, నెల్లూరు వైపు కలుజు అంటారు. మీరు మూడో అధ్యాయంలో మత్తడి అని, ఎనిమిదిలో అలుగు అని రాస్తే కొత్తవాడు రెండు వేరువేరు కట్టడాలనుకుంటాడు. మొదటిసారి వచ్చినచోట మూడు పేర్లూ చెప్పి, అక్కణ్నుంచి ఒక్కదానికే కట్టుబడండి.

ఒక్క సంగతి ఎక్కడ పెట్టాలన్నది ఎంత తేడా తెస్తుందో దగ్గరగా చూద్దాం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది లెక్కపెట్టి చెబుతుంది. ఇంత గొప్ప సంగతి దొరికితే ఎవరైనా ‘చరిత్ర’ అనే అధ్యాయంలో పెట్టి చేతులు దులుపుకుంటారు. అక్కడ అది ఒక వింతగా మిగిలిపోతుంది. దాన్నే కట్ట అధ్యాయం చివర పెట్టి చూడండి. అప్పటికి పాఠకుడికి చోటు ఎలా ఎంచుకుంటారో, మట్టి ఎలా ఉండాలో తెలుసు. కట్టలోంచి నీళ్లు ఊరడం, ఉప్పు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం అని శాసనం దోషాలు చెబుతుంటే మొదటి రెండూ అతనికి వెంటనే అర్థమవుతాయి. మూడోది అర్థం కాదు. సరిహద్దులో ఉంటే చెరువుకేం దోషం? ఆ ప్రశ్న అతని మనసులో ఉండనివ్వండి. నీళ్ల పంపకాల తగాదాలకు వచ్చినప్పుడు ‘శాసనం చెప్పిన సరిహద్దు దోషం ఇదే’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. కాకతీయుల సంగతులు కూడా ఇలాగే నీటిదారిలో ఎక్కడికక్కడ సర్దుకుంటాయి, ప్రత్యేకంగా చరిత్ర అధ్యాయం అక్కర్లేదు.

నిర్మాణం ముందే ఉంటే దొరికే మరో పెద్ద సౌకర్యం, వరుసగా రాయక్కర్లేకపోవడం. దీనికి మన ఆంధ్ర మహాభారతం కంటే మంచి ఉదాహరణ లేదు. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్య ఖాళీని పూరించాడు. దాన్ని నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ముగ్గురివి మూడు శైలులు. అయినా అది ఒకే గ్రంథంగా నిలబడింది. పర్వం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే తెలుసు కాబట్టే తిక్కన ఖాళీని దాటి మొదలుపెట్టగలిగాడు, రెండు అంచులూ కనబడుతున్నాయి కాబట్టే ఎర్రన దాన్ని పూడ్చగలిగాడు.

మీరు ఒక్కరే రాస్తున్నా ఇదే వెసులుబాటు పనికొస్తుంది. అన్నిటికంటే కష్టమైన అధ్యాయం ముందు రాయండి. చెరువుల పుస్తకంలో అది నీరటికాడి అధ్యాయం కావచ్చు. ఎందుకంటే అక్కడ నీళ్లతో పాటు కులం, భూమి, పెత్తనం అన్నీ వస్తాయి. అది తేలకపోతే మొత్తం ప్రణాళికే మార్చాలి. మూడు అధ్యాయాలు రాశాక వరుస మారడం సహజం. పట్టిక దిద్దుకుని సాగండి. పది రాశాక మారితే మాత్రం మొదట్లో ప్రశ్న సరిగ్గా రాసుకోలేదని అర్థం.

మధ్య భాగం చప్పబడటం గురించి కొంచెం చెప్పాలి, ఎక్కువ పుస్తకాలు కూలేది అక్కడే. పన్నెండు అధ్యాయాల పుస్తకంలో ఆరు, ఏడు, ఎనిమిది ప్రమాద స్థలాలు. మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు వచ్చేసి ఉంటుంది, చివరి సమస్య ఇంకా మొదలవదు. మన ఉదాహరణలో ఆరో అధ్యాయానికి నీళ్లు పొలం చేరాయి, ఇక చదవడం దేనికి? అందుకే ఆరో అధ్యాయం ముగిసేలోపు కొత్త ప్రశ్న పుట్టాలి. నీళ్లు చేరాయి సరే, చివరి మడి వాడికి చేరాయా? చేరకపోతే ఎవరు అడగాలి? అది పుట్టిందా, ఏడో అధ్యాయంలో నీరటికాడు రావడం పాఠకుడికి కావలసిన పనే అవుతుంది. ఇక్కడ అందమైన వర్ణనలు పెంచి నిలబెడదామని చూడకండి, బరువు ఇంకా పెరుగుతుంది.

ప్రతి అధ్యాయం చివరా సారాంశం రాసే అలవాటు కూడా మానుకోవాలి. సారాంశం అంటే తూము మూసెయ్యడమే. ఈ అధ్యాయంలో పూర్తిగా వాడుకోకుండా మిగిలిన సంగతి ఒకటి అలుగు దూకి తర్వాతి దాంట్లోకి పోవాలి. అలాగే ‘ఇతర విషయాలు’ అనే అధ్యాయం పెట్టకండి. చోటు దొరకని చీటీలన్నీ చేరేది అందులోనే, అవి పుస్తకంలో ఉండక్కర్లేదని ఆ పేరే చెబుతోంది.

మొదటి రాత పూర్తయ్యాక ఇంకో పని. ప్రింటు తీసి, ప్రతి పేరా పక్కన అంచులో అది ఏం చెబుతోందో నాలుగైదు మాటల్లో రాయండి. 160 పేజీలకు రెండు మూడు రోజులు పడుతుంది, విసుగ్గానే ఉంటుంది. ఆ అంచు మాటలు మాత్రమే వరుసగా చదవండి. ఒకే మాట మూడుచోట్ల వస్తే రెండు కొట్టేయండి. ఏం రాయాలో తోచని పేరా ఉంటే అది కూడా పోతుంది. పట్టికలో ఉన్న సంగతి అంచులో ఎక్కడా లేకపోతే, రాశామనుకుని రాయలేదన్నమాట.

ఇదంతా డీటీపీకి, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టడానికి ఇవ్వకముందే జరగాలి. పేజీలు కట్టాక ఒక అధ్యాయం జరిపితే పేజీ నంబర్లు మారతాయి, విషయసూచిక మారుతుంది, ‘మూడో అధ్యాయంలో చూశాం కదా’ అన్న వాక్యాలన్నీ తప్పవుతాయి, ఫొటో ఒకచోట దాని కింద రాత ఒకచోట పడతాయి. ప్రూఫుల్లో ఇవన్నీ పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పైగా ఆఖరి నిమిషంలో ఆరు పేజీలు కలిపితే 166 అవుతుంది. ఆ ఆరు పేజీల కోసం పదకొండో ఫారం, దాంట్లో మిగతావి ఖాళీ, కాగితం ఖర్చు మీదే.

ముందుమాట అన్నిటికంటే ఆఖరున రాయండి. రెండు పేజీలు చాలు. గోడమీది ఆ ఒక్క ప్రశ్న, పుస్తకం నీళ్లు పోయే దారినే నడుస్తుందన్న సూచన, సాయం చేసినవాళ్ల పేర్లు. చెరువులు మన సంస్కృతిలో ఎంత ముఖ్యమో అందులో రాయాలనిపిస్తే, ఆ వాక్యాలు తీసి మొదటి అధ్యాయంలోని వానతో మొదలుపెట్టండి.