కాయ లేచింది సరే, నీళ్ళు తీపా ఉప్పా?

అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే అక్కడ కింద జల ఉందని చెప్పి, బోరు పాయింటు చూసేవాళ్ళకి కోనసీమలో మంచి పేరుంది. అమలాపురం నుంచి రాజోలు దాకా వాళ్ళు చూపించిన చోటల్లా జల పడుతుంది. పడక ఏం చేస్తుంది? కింద ఉన్నదంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. పైన కాలువలు, వరిచేలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంకిస్తూనే ఉంటాయి. కాయ పట్టుకున్నాయన చూపించిన చోటుకి పది గజాల అవతల దించినా ఫిల్టరు పాయింటు, అంటే అడుగున జల్లెడ గొట్టం పెట్టిన తక్కువలోతు బోరు, నీళ్ళిస్తుంది. ఆ రెండో బోరు ఎవరూ వెయ్యరు కాబట్టి పేరు కాయకి పోతుంది.

కాయ లేవడం మాత్రం అబద్ధం కాదు. పీచు తీసిన ముదురు కాయని అరచేతిలో వేళ్ళ వెంబడి పొడుగ్గా పడుకోబెడతారు. ముదురు కాయలో నీళ్ళు నిండుగా ఉండవు, కొంత ఖాళీ ఉంటుంది. చెయ్యి కొద్దిగా వాలినా లోపలి నీళ్ళు ఒక కొసకి జారతాయి, బరువు అటు పోతుంది. వేళ్ళు కాస్త ముడుచుకుంటే ఆ కొస అరచేతి గుంటలో కుదురుకుని కాయ నిలబడుతుంది. కాయకి బదులు వేప పంగలకర్రయితే రెండు కొమ్మల్నీ విడదీసి బిగించి పట్టుకుంటారు కాబట్టి మణికట్టు కొంచెం తిరిగినా విదిలించినట్టు వంగుతుంది. రాగి కడ్డీలు మరీ సులువు, పట్టు కాస్త వాలితే చాలు. పట్టుకున్నాయనకి తను కదిపినట్టు తెలియదు, అందుకే చాలామంది నిజాయితీగానే నమ్ముతారు. మనసులో అనుకున్నది ఒంట్లో తెలియకుండా కదలికగా వచ్చే ఈ పనికి విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1852లో ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడాదే!

పరీక్ష పెట్టాలంటే మూతలున్న ఒకేరకం డ్రమ్ములు పది చాలు. ఒకదాంట్లో నీళ్ళు, తొమ్మిదింట్లో అదే బరువు పొడి ఇసుక. ఖాళీవి పెడితే మోసుకొచ్చినవాళ్ళ అడుగుల లోతే గుట్టు చెప్పేస్తుంది. ముందు నీళ్ళ డ్రమ్ము చూపించి కాయ లేస్తోందా అని అడగాలి. లేస్తోందని ఆయన ఒప్పుకున్నాకే దాచి మొదలుపెట్టాలి, లేకపోతే చివర్లో 'డ్రమ్ములో నీళ్ళకి లేవదండీ' అంటారు. ప్రతిసారీ చీటీ తీసి స్థానం మార్చాలి. మార్చినవాళ్ళు ఆయన వచ్చేలోపే వెళ్ళిపోవాలి. పక్కన నిలబడేవాడికి కూడా తెలియకూడదు. తెలిసినవాడి చూపు, ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ ఆయన గమనించకుండానే గమనిస్తాడు. పదిసార్లు చేస్తే ఊరికే గుడ్డిగా చెప్పినా సగటున ఒకటి తగులుతుంది. మూడు, అంతకన్నా ఎక్కువ తగలడం కూడా నూటికి ఏడుసార్లు జరిగేదే, అది చూసి చప్పట్లు కొట్టకండి. ఐదు తగిలితే మాట్లాడుకుందాం. అదృష్టం మీద అది వెయ్యికి రెండుసార్లు కూడా రాదు.

'పారే జలకే లేస్తుంది' అంటే ఇంకో దారుంది. గట్టూ బోదె లేని చదును చేలో ఆయన చేతే మేకులతో పాయింట్లు పెట్టించి, టేపుతో కొలిచి రాసుకుని, మేకులు పీకేసి, కళ్ళకి గంతలు కట్టి మళ్ళీ నడిపించండి. ఉత్త గుడ్డ కడితే ముక్కు పక్కసందులోంచి నేల కనపడుతుంది. ముందు దూది పెట్టి ఆపైన కట్టాలి. జల చోటు మారదు కదా, మేకుల చోటూ మారకూడదు.

జర్మనీలో 1987, 88ల్లో మ్యూనిక్ దగ్గర ఒక పాకలో ఇలాంటిదే పెద్దయెత్తున చేశారు. కింద బండిమీద నీటి గొట్టం జరుపుతుంటే, పై అంతస్తులోంచి చోటు చెప్పాలి. 43 మంది, 843 సార్లు. చేసినవాళ్ళు కొందరికి శక్తి ఉందన్నారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలు మళ్ళీ లెక్కేస్తే, అందరికన్నా బాగా చెప్పినాయన కూడా ప్రతిసారీ 10 మీటర్ల గీత నడిమధ్యే చూపించేవాడికన్నా సగటున 4 మిల్లీమీటర్లే మెరుగని తేలింది.

అసలు డెల్టాలో అడగాల్సింది జల ఉందా అని కాదు, తీపా ఉప్పా అని. కాట్రేనికోన, అంతర్వేది, మొగల్తూరు వైపు పైన తీపి నీరు పలచటి పొర, కింద ఉప్పు. సముద్రపు నీరు బరువు కాబట్టి తీపి నీరు దానిమీద తేలుతుంది. లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన 1 మీటరు తీపి నీరుంటే ఆ మట్టానికి కింద ఇంకో 40 మీటర్లు తీపి నీరే. అంటే పంపుతో పైమట్టం ఒక అడుగు దించితే కింద ఉప్పు 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. ఒండ్రులో బంకపొరలు అడ్డుంటాయి, పాత ఉప్పూ ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి అంకె అచ్చంగా అంతే రాదు. తీరు మాత్రం అదే. బోరు వేసిననాడు తియ్యగా ఉన్న నీళ్ళు వేసవిలో ఉప్పెక్కేది అందుకే. అప్పుడు ఆయన 'మీరు పంపు ఎక్కువ ఆడించారు' అంటారు. ఆ మాట నిజమే, కానీ కాయ ముందే చెప్పలేదు. పాయింటు పెట్టేటప్పుడే లోతు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కాగితం మీద రాసిమ్మని అడగండి.

రెసిస్టివిటీ సర్వే వల్ల ఉపయోగం ఉంది. నేలలో నాలుగు కడ్డీలు దింపి కరెంటు పంపిస్తారు. ఉప్పు నీళ్ళున్న పొర నిరోధం బాగా తక్కువ, తీపి నీళ్ళ ఇసుక ఎక్కువ చూపిస్తుంది. దీనికీ ఒక లోపముంది: నల్లబంక కూడా తక్కువే చూపిస్తుంది, ఒక్కోసారి ఉప్పనుకుని మంచి చోటు వదిలేస్తారు. అందుకే పక్క బోర్ల లోతు, నీటి రుచి దగ్గర పెట్టుకుని చదవాలి. పాత ఏటిపాయ పూడిన ఇసుక, తీరం వెంట ఇసుక మెరకలు మొదట చూడాల్సిన చోట్లు.

కాలువలు కట్టేసిన వేసవిలో బోరు నీళ్ళు పరీక్షించండి. పంపు వేసిన వెంటనే ఒకసారి, నాలుగు గంటలు ఆడించాక ఇంకోసారి టీడీఎస్ మీటరు ముంచండి. తాగేనీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా. రెండో అంకె పైకి పోతుంటే ఇంకా లోతుకి వెళ్ళకండి. ఫిల్టరు పైకి లాగి, చిన్న మోటారు పెట్టి, ఆపి ఆపి తోడుకోవాలి.