మూడో భాగం దొరకని వాల్ట్జ్

పారిస్ వెళ్ళొచ్చానంటే చుట్టాలందరూ ఐఫిల్ టవర్ ఫొటో ఏదీ అంటారు. ఈసారి ఆ ఛాయలకే పోలేదు. శనివారం మొత్తం సమ్వా-సూర్-సేన్ అనే పల్లెకు సమర్పయామి. గార్ ద ల్యోఁలో ఆర్ లైను రైలెక్కి ఫాంతెన్‌బ్లో-ఆవాన్‌లో దిగేదాకా హాయే. ఆ తర్వాత పల్లెకు వెళ్ళే బస్సు మాత్రం మన టైముకి ఉండదు. టాక్సీవాడు చెప్పిన రేటు విని నడక మొదలుపెట్టాం, నేనూ మా మరిదీ.

"వదినా, ఒక సమాధి కోసం ఇంత నడవాలా?" అని దారి పొడుగునా వాడి గొణుగుడు. ఆ సమాధిలో ఉన్న జిప్సీ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ కూడా పారిస్‌లో కచేరీ ముగించుకుని ఇదే స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళాడనీ, ఇంటి దగ్గరికొచ్చేసరికి కుప్పకూలాడనీ, 1953 మే 16న నలభై మూడేళ్ళకే పోయాడనీ చెప్పాను. వాడు చప్పున నీళ్ళసీసా తీసి సగం తాగేశాడు.

సమాధి చూశాం, ఆయన చేపలు పట్టిన సేన్ ఒడ్డూ చూశాం. ఊరు బాగుంది. నాకు కావలసింది మాత్రం అక్కడ లేదు.

నాకు జిప్సీ జాజ్ గిటార్ నొటేషన్ రాసుకునే పిచ్చి. రికార్డుల్లో ఉన్నవైతే ఇంట్లో కూర్చునే లాగొచ్చు. 1937 నాటి "మైనర్ స్వింగ్", 1940 నాటి "నువాజ్" లాంటివి సగం వేగానికి తగ్గించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కో స్వరం పట్టుకోవడమే. ఆ కాలపు ప్లేట్లు కొన్ని సరైన శ్రుతిలో తిరగవు, అందుకని ముందు మన గిటార్‌నే వాటికి దించుకోవాలి. స్వరం దొరికినా అది ఏ తీగ మీద, ఏ మెట్టు దగ్గర వాయించాడన్నది ఇంకో తలనొప్పి. 1928లో ఆయనుంటున్న బండి తగలబడి ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. మనకి నాలుగు వేళ్ళతో ఒకేచోట అందే వరసని ఆయన రెండు వేళ్ళతో మెడ పొడుగునా జారుతూ వాయించేవాడు. ఆ జారుడు తెలియకుండా రాస్తే స్వరాలన్నీ ఒప్పే, పాట మాత్రం వేరేలా ఉంటుంది.

ఇక రికార్డుకే ఎక్కని వాటి సంగతి? జాంగో కట్టిన కొన్ని వాల్ట్జ్‌లను, అంటే మూడు దెబ్బల లయలో సాగే నాట్య బాణీలను, ఆయనే ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు. ఆయనకి నొటేషన్ రాయడమూ రాదు. తర్వాత మాతెలో ఫెరే అనే జిప్సీ గిటారిస్టు వాయించి రికార్డు చేశాడు గనక అవి మిగిలాయి. అలా ఎవరూ రికార్డు చెయ్యనివి మనూష్ (ఫ్రాన్స్ జిప్సీ) కుటుంబాల్లో చేతి నుంచి చేతికి తిరుగుతుంటాయని విని, ఆదివారం మధ్యాహ్నం సెంత్-ఉవాఁ పాతసామాన్ల సంతకి చేరాను. నాలుగో లైను మెట్రో చివరి స్టేషన్ పోర్త్ ద క్లిన్యాంకూర్‌లో దిగి, బెల్టులూ ఫోన్ కవర్లూ అమ్మేవాళ్ళని తప్పించుకుంటూ రింగురోడ్డు కింద నుంచి వెళ్ళాలి.

పేరెందుకుగానీ, ఒక కెఫే. రెండు కాఫీలు, ఒక బీరు కలిపి పదహారు యూరోలు. నిలబడి తాగినా అంతే. కిటికీ దగ్గర ఒక పెద్దాయన, కోడిగుడ్డు ఆకారపు రంధ్రమున్న పాత గిటార్‌తో. ఎదురుగా ఆయన మేనల్లుడు, "పొంప్" కొడుతూ, అంటే గిటార్ తీగలన్నీ కలిపి మీటుతూ లయ పట్టడం. ఈ సంగీతంలో సాధారణంగా డ్రమ్ములుండవు, ఆ కుడిచెయ్యే డ్రమ్ము. అందరూ అడిగేవి కొన్ని వాయించాక, పెద్దాయన ఎవరూ అడక్కుండా ఒక వాల్ట్జ్ ఎత్తుకున్నాడు. నేనెప్పుడూ వినలేదు.

పుస్తకం తీశాను. చిన్నప్పుడు తెనాలిలో వీణ నేర్చుకున్నదాన్ని, తొందరలో నాకు సరిగమలే వస్తాయి. రెండు రిషభాలు, రెండు గాంధారాలు వరసగా పక్కపక్కనే దూకేసరికి ఏ మేళకర్తా ఆదుకోలేదు. మొదటి భాగం దొరికింది, రెండోది ముప్పాతిక. విరామంలో మరిదిని దుబాసీగా పెట్టుకుని పాట పేరు అడిగించాను.

"పేరేంటి? మా నాన్న వాయించేవాడు," అన్నాడాయన.

ఇంకోసారి మెల్లిగా వాయించమన్నాను. వాయించాడు, మెల్లిగా మాత్రం కాదు. తీగ మారినప్పుడల్లా పిక్ పైనుంచి కిందికే పడుతోంది. నేను వేళ్ళు చూసి మెట్ల అంకెలు వేసుకుంటున్నాను. ఆయన వంగి పుస్తకంలోకి చూసి, తెలుగు అక్షరాలు అర్థంకాక, "పాడండి మదామ్" అన్నాడు. రెండు భాగాలూ సరిగమల్లోనే పాడాను. కెఫేలో సగంమంది ఇటు తిరిగారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని విని, తలూపి, మూడో భాగం ఎత్తుకున్నాడు.

అప్పుడొచ్చింది గొడవ. మేనల్లుడు "పొంప్" ఆపేసి అది కాదన్నాడు. ఇలాంటి వాల్ట్జ్‌లలో మూడో భాగం సాధారణంగా దిగులుగా వినిపించే మైనర్ స్కేలు వదిలి, హుషారైన మేజర్‌కి తిరుగుతుంది. కుర్రవాడు అలాగే వాయించి చూపించాడు. మా నాన్న మైనర్ వదిలేవాడే కాదని పెద్దాయన. మా అమ్మ అలా పాడేది కాదని కుర్రవాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాయించుకుంటూ, మధ్యలో బారు దగ్గర ఎవరినో సాక్ష్యానికి పిలిచారు. ఆయన మూడో రకంగా ఈల వేశాడు. మరిది అనువాదం చెయ్యడం మానేసి ఇంకో బీరు తెప్పించుకున్నాడు. డబ్బులు నావే. నేను మూడు రకాలూ ఒక పేజీలో రాసుకుని, మూడింటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను.

టోపీ తిప్పితే అయిదు యూరోలు వేశాను. ఆ రోజు పెట్టిన ఖర్చుల్లో నాకు ఏడుపు రానిది అదొక్కటే. పెద్దాయన గిటార్ సర్దుకుంటూ, అసలు సంగతి వాళ్ళ పెదనాన్న కొడుక్కి తెలుసునన్నాడు. ఆయన ఆల్సాస్‌లో ఉంటాడట, వచ్చే ఆదివారం వస్తాడట, వాన పడకపోతే.

మెట్రోలో కూర్చుని నేనుండే స్టుట్‌గార్ట్ (జర్మనీ) నుంచి వచ్చే ఆదివారానికి రైలు టికెట్ చూశాను. ఈసారి ఇచ్చినదానికి రెట్టింపు. మరిది నా ఫోన్‌లోకి తొంగిచూసి, "వదినా, నేను ఊళ్ళో ఉండను" అన్నాడు.