కీ తీసేసినా ఆగని బండి

పోయిన దసరాకి అందరం ఇంట్లో ఉన్నప్పుడు భోజనాల దగ్గర ఒక తీర్మానం చేశాం, నాన్న ఇక కారు నడపకూడదు అని. తీర్మానం అంటే పెద్ద ఏం లేదు, అక్క మొదలెట్టింది, నేను వత్తాసు పలికా, అమ్మ ఏం మాట్లాడకుండా వడ్డిస్తా ఉండిపోయింది, నాన్న పెరుగన్నం కలుపుకుంటా "సరేలేరా, మీ ఇష్టం" అన్నాడు. అంతే. 71 ఏళ్లు ఆయనకి. ముప్పై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా చేశాడు, ఒక్క రూపాయి లెక్క తేడా రానిచ్చిన మనిషి కాదు, ఆ మనిషికి మేము లెక్క చెప్పాం.

దానికి వారం ముందు లాడ్జి సెంటర్ దగ్గర ఆయన సిగ్నల్ చూసి స్లో చేస్తుంటే బండి ఒక్కసారి ముందుకు దూకి ఆటో వెనక బంపర్‌కి తగిలింది. ఎవరికీ ఏం కాలేదు, ఆటో అతను 1500 తీసుకుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక నాన్న ఒకటే మాట, "నేను కాలు తీసేశానురా, అయినా బండి రెండు మూడు సెకన్లు లాగుతానే ఉంది." నేను నమ్మలా. మర్యాదగా నమ్మలా, అంటే "ఔనా నాన్నా, చూపిద్దాంలే" అన్నా, మనసులో మాత్రం బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కుంటాడులే అనుకున్నా.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ల్యాప్‌టాప్ తగిలించి చూసి లోపం చూపించే కోడ్ ఏం లేదు సార్ అన్నారు. ఆ కుర్రాడు బాగానే వివరించాడు కూడా, యాక్సిలరేటర్ పెడల్ లోపల రెండు సెన్సర్లు ఉంటాయంట, ఒకటి చెప్పిందీ ఇంకోటి చెప్పిందీ కలవకపోతే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇంజన్ లైట్ వెలిగించి బండిని లింప్ మోడ్‌లో పడేస్తదంట, అంటే పవర్ తగ్గించేసి మెల్లగా ఇంటికి చేరేంత మాత్రం లాగనిస్తదన్నమాట. మీ బండిలో అట్లాంటి రికార్డే లేదు, పెద్దాయన కదా సార్, కొంచెం చూసుకోమనండి అని నవ్వాడు. నేనూ నవ్వా. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వే గుచ్చుకుంటది.

మా బండి సంగతి చెప్పాలి కదా, 2013 మోడల్ డీజిల్, ఏడు సీట్లది, మాన్యువల్ గేర్లు, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పెళ్లిళ్లకీ కోటప్పకొండకీ పొలానికీ అన్నిటికీ అదే. ఆ మధ్య కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే సెకండ్ గేర్లో కూడా ఈడ్చుకుంటా నల్లపొగ వదిలింది, ఏడుగురం ఎక్కాం కదా అందుకేలే అనుకున్నాం. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కొంచెం నీలం పొగ కూడా వచ్చేది. పాత డీజిల్ బండికి పొగ రాకపోతే వింత గానీ వస్తే ఏముంది అనేది నా పాలసీ.

ఫిబ్రవరిలో బాబాయ్ వాళ్లమ్మాయి నిశ్చితార్థం, విజయవాడ పటమటలో. సాయంత్రం గుంటూరులో బయల్దేరాం. నేను స్టీరింగ్ దగ్గర, నాన్న పక్కన, మధ్య సీట్లో అమ్మ, అక్క, మా ఆవిడ, వెనక పిల్లలిద్దరు. కాజ టోల్ దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది, అప్పటికే లేటయింది, థర్డ్‌లో గట్టిగా తొక్కి ఫోర్త్‌లోకి వేశా. 80 దాటింది, ముందు లారీ ఉంటే కాలు తీశా. తీశానండీ, ఇది నేను ప్రమాణం చేసి చెప్తా, కాలు పూర్తిగా తీసేశా, బండి మాత్రం తగ్గలా. తగ్గకపోగా పెరుగుతోంది. ముందు మ్యాట్ ఏమన్నా పెడల్ మీదికి ఎక్కిందేమో అని వంగి కాలితో వెనక్కి లాగా, మ్యాట్ దాని చోట అది ఉంది, పెడల్ పైకే ఉంది.

అప్పుడు నేను క్లచ్ తొక్కి బ్రేక్ వేశా. బండి ఎడం పక్కకి వచ్చి ఆగింది, అది మా అదృష్టం, కానీ లోడ్ పోయేసరికి ఇంజన్‌కి ఇక అడ్డు లేకుండా పోయింది, ఆర్‌పీఎం ముల్లు ఎర్రగీత దాటి ఆ చివరికి పోయి వణుకుతోంది. ఆ చప్పుడు ఎట్లా చెప్పాలో తెలీదు, పిండిమర బానెట్ కింద పెట్టి తిప్పుతున్నట్టు, కాళ్ల కింద ఫ్లోర్ అంతా జివ్వున కొడతంది. నేను చేయి వణుకుతా కీ తిప్పి ఆపేశా. మీటర్లో లైట్లు ఆరిపోయినయ్, పాట ఆగిపోయింది, ఇంజన్ మాత్రం ఆగలా. కీ ఆఫ్‌లో ఉంది, ఇంజన్ అరుస్తానే ఉంది. అద్దంలో చూస్తే వెనక రోడ్డే లేదు, తెల్లటి పొగ, వెనకొచ్చే లారీల హెడ్‌లైట్లు ఆ పొగలో పసుపు మచ్చల్లాగా కనపడతన్నయ్.

"అందరూ దిగండి, ఎడం పక్కకి దిగండి" అని నాన్న అరిచాడు, ఆయన మాత్రం దిగలా. నా వైపు తిరిగి, "ఒరేయ్, టాప్ గేర్ వెయ్. బ్రేక్ మీద నుంచో. క్లచ్ ఒక్కసారి వదిలెయ్." నాకు అర్థం కాలా, అడిగే టైమూ లేదు, ఐదో గేర్ వేసి, బ్రేక్ మీద రెండు కాళ్ల బరువూ ఒక కాల్లోనే పెట్టినట్టు తొక్కి, హ్యాండ్ బ్రేక్ కూడా లాగి, క్లచ్ వదిలేశా. బండి ఒక్క ఊపు ఊగి, క్లచ్ ప్లేట్ కాలిన కంపు గుప్పున కొట్టి, ఆగిపోయింది. తర్వాత ఆ నిశ్శబ్దంలో చిన్నోడి ఏడుపు వినపడింది.

ఆయనకి ఎట్లా తెలుసంటే, ఎనభైల్లో యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోడ్ చేసిన లారీ ఒకటి ఇట్లాగే రంకెలేస్తే డ్రైవర్ దూకి పారిపోయాడంట, క్లీనర్ కుర్రాడు ఖాళీ గోనె పట్టా తీసుకుని ఎయిర్ పైపులో కుక్కితే ఆగిందంట. ఇంకో పాత డ్రైవర్ అప్పుడు చెప్పాడంట, గేర్లో వేసి బ్రేక్ మీద చంపెయ్యొచ్చు అని. నలభై ఏళ్ల కిందట విన్న మాట.

రాత్రికి టోయింగ్ పెట్టుకుని విజయవాడ ఆటోనగర్ చేర్చాం, పటమట పక్కనే కదా. మర్నాడు పొద్దున టర్బోల పని, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రాల పని చేసే ఒక పెద్దాయన చూశాడు, బాబాయ్ అనే పిలుస్తా ఆయన్ని. ల్యాప్‌టాప్ లేదు ఏం లేదు, ఇంటర్‌కూలర్, అంటే టర్బో పంపే గాలిని చల్లార్చేది, దాని పైపు క్లిప్ వదులు చేసి కింద నీళ్ల బాటిల్ సగానికి కోసి పట్టాడు. గాలి మాత్రమే పోవాల్సిన పైపులోంచి నల్లగా, కాటుక కరిగించినట్టు ఇంజన్ ఆయిల్ కారడం మొదలైంది, కారతానే ఉంది, అర లీటరుకి కొంచెం తక్కువ. తర్వాత టర్బో చక్రాన్ని వేలితో అటూ ఇటూ కదిలిస్తే బియ్యపు గింజంత ఊగుతోంది. అసలు ఊగుతున్నట్టే తెలియకూడదంట.

"కీ తీస్తే డీజిల్ ఆగుద్ది అబ్బాయ్. నీ బండి తాగింది డీజిల్ కాదుగా."

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని నొక్కితే వచ్చే వేడికే ఇంధనం అంటుకుంటది, స్పీడ్ పెంచడం తగ్గించడం అంతా ఎంత డీజిల్ పోస్తున్నాం అనే దాని మీదే. టర్బో సీల్ పోయి దాని ఆయిల్ గాలితో పాటు లోపలికి పోతే ఇంజన్‌కి అదే ఇంధనం. స్పీడ్ పెరిగితే టర్బో ఇంకా తిరుగుద్ది, ఇంకా ఆయిల్ లాగుద్ది, ఇంకా స్పీడ్, అట్లా ఆయిల్ అయిపోయేదాకా లేదా ఇంజన్ ముక్కలయ్యేదాకా. కంప్యూటర్ డీజిల్ ఎప్పుడో ఆపేసింది, దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది, అందుకే కోడ్ లేదు. లాడ్జి సెంటర్లో జరిగింది కూడా ఇదే, పైపులో పోగైన ఆయిల్ ఒక గుక్క లోపలికి పోయింది, ఆ రెండు మూడు సెకన్లు.

బాబాయ్ అడిగాడు, ఆయిల్ ఎంత తాగుతోంది అని. నేను నోరెళ్లబెట్టా. నాన్న చొక్కా జేబులోంచి పాకెట్ బుక్కు తీశాడు, ఆయన ఎప్పుడూ రాసుకునేదే, డీజిల్, టైర్ల గాలి, వైపర్ బ్లేడ్, అన్నీ. మే నెలలో ఆయిల్ పావు లీటరు. ఆగస్టులో అర లీటరు. అక్టోబర్లో అర, మళ్లీ అర. డిసెంబర్లో లీటరు. బాబాయ్ ఆ పేజీల మీద మసి వేలు పెట్టి పైనుంచి కిందకి చదివి, "ఇంత రాసిపెట్టుకుని టర్బో పోయిందని తెలీలేదా మీకు" అన్నాడు, నా వైపు చూసి. నాన్న వైపు కాదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగాడు, హైవే మీద బాగా తోలి వచ్చి వెంటనే ఆపేస్తారా అని. టర్బో నిమిషానికి లక్ష చుట్లకి పైన తిరిగే వస్తువు, దాని షాఫ్ట్ నిలబడేది పల్చటి ఆయిల్ పొర మీదే, వేడి మీద టక్కున ఆపితే ఆ ఆయిల్ అక్కడే మాడి బొగ్గయి కూర్చుంటది. అట్లా ఆపేది నేనే. నాన్న ఇంటి ముందుకొచ్చాక కూడా ఒక నిమిషం ఇంజన్ ఆన్‌లోనే ఉంచి అప్పుడు దిగేవాడు, మేము డీజిల్ దండగ అని నవ్వేవాళ్లం.

ఆ తర్వాత కొన్ని రాత్రుళ్లు నాకు నిద్ర పట్టక ఇవే చదువుతా కూర్చున్నా. 2009 ఆగస్టు 28న అమెరికాలో శాన్‌డియాగో దగ్గర టొయోటా వాళ్ల లెక్సస్ కారు ఒకటి ఆగకుండా పోయి నలుగురు చనిపోయారు, నడిపింది ఎవరో కొత్తవాడు కాదు, హైవే మీద గస్తీ తిరిగే పోలీసు ఆఫీసర్. వేరే మోడల్‌ది రబ్బరు మ్యాట్ వేస్తే అది పెడల్‌ని పట్టేసింది. అది డీలర్ వాడుకోమని ఇచ్చిన బండి, అంతకు కొద్దిరోజుల ముందే దాన్ని వాడిన ఇంకో కస్టమర్‌కి ఇట్లాగే అయి డీలర్ దగ్గర చెప్పాడంట కూడా. తర్వాత లక్షల బండ్లు వెనక్కి పిలిచారు, నాసా ఇంజనీర్లు కూడా కూర్చుని చూశారు, 2011లో ఎలక్ట్రానిక్ లోపం ఏదీ దొరకలేదన్నారు, మ్యాట్లూ అంటుకుపోయే పెడళ్లూ మాత్రం నిజమే. జనం నుంచి విషయం దాచినందుకు 2014లో టొయోటా 120 కోట్ల డాలర్లు కట్టింది. అట్లా అని ప్రతిసారీ బండిదే తప్పు అనను, బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కిన కేసులు కూడా ఆ లెక్కల్లో బోలెడు, సర్వీస్ సెంటర్ కుర్రాడి అనుమానం మరీ గాల్లోంచి పుట్టింది కాదు. కానీ బానెట్ ఎత్తి ఒక్క పైపు విప్పి చూడకుండా మనిషిని చూసి తేల్చేశాడు, నేనూ అంతే.

మన దగ్గర 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో లోపం ఉన్న బండ్లని ప్రభుత్వమే వెనక్కి పిలిపించొచ్చు అని పెట్టారు, కానీ రూల్స్ ప్రకారం ఏడేళ్ల లోపు బండ్లకే, మాది ఎప్పుడో దాటిపోయింది. పైగా మాది కంపెనీ లోపం కాదు, టక్కున ఆపేసే నా అలవాటు లోపం.

పెట్రోల్ బండ్లవాళ్లు అడుగుతున్నారు, మాకు థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే మూత, తెరుచుకుని ఇరుక్కుంటే ఏం చేయాలి అని. ముందు న్యూట్రల్, ఇంజన్ అరిస్తే అరవనీ. బ్రేక్ ఒకే తొక్కుడు తొక్కి పట్టుకోవాలి, వదిలి వదిలి కొట్టకూడదు, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు బ్రేక్‌కి సాయం చేసే వాక్యూమ్ పుట్టదు, రెండు మూడు సార్లు కొడితే ఉన్నది కాస్తా అయిపోయి పెడల్ రాయిలా అవుద్ది. బండి ఆగాక కీ ఆఫ్ చేయండి, నడుస్తుండగా కీ బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడిపోద్ది. బటన్ స్టార్ట్ అయితే చాలా వాటిలో మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి, ఒకసారి ఇంటి ముందే మాన్యువల్ తీసి చూసుకోండి. డీజిల్ ఆటోమేటిక్ అయితే గేర్లో వేసి చంపే దారి లేదు, గాలి పైపు మూయడం ఒక్కటే, అది కూడా చెక్కతోనో మందపాటి పుస్తకంతోనో, చేత్తో మాత్రం కాదు. ఇంజన్ మరీ రంకెలేస్తుంటే బానెట్ జోలికే పోకుండా దూరంగా జరగండి, బండి పోతే పోయింది.

టర్బో, క్లచ్, ఇంటర్‌కూలర్ కడగడం అన్నీ కలిపి 61 వేలయింది. ఇంటర్‌కూలర్ కడగకుండా కొత్త టర్బో వేస్తే మిగిలిన ఆయిల్‌తో మళ్లీ పరిగెత్తుద్దంట, బాబాయ్ రెండుసార్లు డీజిల్ పోసి కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టి నాకు చూపించాడు. బండి తెచ్చుకునే రోజు నేను కీ నాన్న చేతికి ఇచ్చా. ఆయన ఏం అనలా, అద్దాలు సర్దుకుని, సీటు ముందుకు జరుపుకుని, వారధి మీదగా గుంటూరు దాకా అరవై దాటకుండా తోలాడు. ఇంటి ముందు ఆగాక ఒక నిమిషం. నేను డ్యాష్‌బోర్డ్ మీద ఉన్న పాకెట్ బుక్కు తిరగేస్తుంటే ఆ రాత్రి పేజీ కనపడింది, ఆయన రోడ్డు పక్కన టోయింగ్ కోసం చూస్తా రాసుకుని ఉంటాడు, గుమస్తా రాత, గీత తప్పకుండా:

"కాజ టోల్ దాటాక ఇంజన్ తనంతట తానే పరిగెత్తింది. అబ్బాయి కాలు పెడల్ మీద లేదు, నేను చూశాను. టోయింగ్ 3500. సోడాలు 6."