ఐదో తేదీ నాలుగో తేదీగా మారిన చోటు

వెబ్ పేజీలకు కావలసిన భాగాలను సిద్ధంగా ఇచ్చే మెటీరియల్ యూఐ లైబ్రరీలో, తేదీ, సమయం ఎంచుకునే కాంపోనెంట్లు (అంటే ఆ సిద్ధ భాగాలు) కొంతకాలం ‘ల్యాబ్’ అనే విడి ప్యాకేజీలో ఉండేవి. ప్రధాన ప్యాకేజీలో చేర్చేంతగా ఇంకా కుదురుకోని కాంపోనెంట్లకు అది చోటు. వాటి ప్రాప్‌లు, అంటే వాటికి మనం అందించే సెట్టింగులు, ఏ విడుదలలోనైనా మారవచ్చు. 2022లో అవి అదే సంస్థ విడిగా ఇచ్చే ఎంయూఐ ఎక్స్‌కు తరలినప్పుడు, వాటిని నా కోడ్‌లోకి తెచ్చుకునే ఇంపోర్ట్ లైన్లన్నీ తిరగరాసుకున్నాను. అది ఒక పూట పని. నన్ను చిక్కుల్లో పడేసింది ఆ క్యాలెండర్ చేతికిచ్చే విలువ.

పుట్టిన తేదీ అడిగే ఫారంలో మార్చి 5 నొక్కితే డేటాబేస్‌లో మార్చి 4 చేరుతోంది. తప్పు నాదే. క్యాలెండర్ ఇచ్చిన జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్టును, సమయాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం రాసే ‘టుఐఎస్ఓస్ట్రింగ్’తో అక్షరాల్లోకి మార్చి సర్వరుకు పంపాను. హైదరాబాదులో ఐదో తేదీ మొదలయ్యే అర్ధరాత్రి, మన సమయం ఐదున్నర గంటలు ముందుండటం వల్ల, యూటీసీ లెక్కలో నాలుగో తేదీ 18:30 అవుతుంది. డల్లాస్‌లోని సహోద్యోగికి ఇది ఎంతకీ కనబడలేదు, ఎందుకంటే అక్కడి అర్ధరాత్రి యూటీసీలో అదే రోజు ఉదయం ఆరు గంటలు. చిత్రమేమిటంటే, ‘2024-03-05’ అన్న అక్షరాలను నేరుగా డేట్‌కు అందిస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది కాబట్టి, అప్పుడు నాకు సరిగ్గా కనిపించి ఆయనకు ఒక రోజు వెనక్కి పోతుంది.

పుట్టిన తేదీకి గడియారంతో పని లేదు. జావాస్క్రిప్ట్ డేట్ మాత్రం ఎప్పుడూ ఒక క్షణమే. 1995లో జావా నుంచి తెచ్చుకున్న ఈ నమూనాలో జనవరి నెల సంఖ్య సున్నా కావడం మరో తలనొప్పి. ఈ లోట్లు తీర్చడానికి వచ్చిన జావాస్క్రిప్ట్ కొత్త తేదీ-సమయ సాధనం టెంపోరల్ 2021లో ప్రమాణీకరణ మూడో దశకు చేరింది, 2025లో ఫైర్‌ఫాక్స్ 139లో అందుబాటులోకి వచ్చింది. అందులోని ప్లెయిన్‌డేట్‌కు సంవత్సరం, నెల, రోజు తెలుసు, గడియారం గానీ టైమ్ జోన్ గానీ తెలియవు. చూపుకు ఎంత సాదాగా ఉన్నా, హెచ్‌టీఎంఎల్ సొంత తేదీ గడి కూడా ఈ విషయంలో తెలివైనదే: తెరపై ఏ వరుసలో చూపినా, దాని విలువ సంవత్సరం-నెల-రోజు అక్షరాలుగానే ఉంటుంది.

అపాయింట్‌మెంట్ల సంగతి వేరు. అక్కడ టైమ్ జోన్ పేరు కూడా దాచుకోక తప్పదు. ఇప్పుడు క్యాలెండర్‌కు సంబంధించిన ప్రతి టెస్టునూ రెండుసార్లు నడుపుతున్నాను, ఒకసారి మన సమయానికి కోల్‌కతా జోన్‌లో, మరోసారి డల్లాస్ సమయానికి షికాగో జోన్‌లో.