ఉప్పునీళ్ళు తాగిన ఫోన్: విప్పి, కడిగి, మళ్ళీ బిగించేదాకా నా అనుభవం

విశాఖ ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామికి కాస్త ఇవతల, మోకాలి లోతు నీళ్ళలో ఫోన్ జారింది. అల వెనక్కి లాగేలోపే చేతికి దొరికింది. పది సెకన్లు కూడా మునిగి ఉండదు. తెర వెలుగుతూనే ఉంది, టచ్ కూడా పనిచేస్తోంది. సముద్రపు నీళ్ళు తగిలిన ఫోన్లు చాలావరకు చచ్చేది ఇక్కడే. పనిచేస్తోంది కదా అని జేబులో వేసుకుంటాం, రాత్రి చార్జింగ్ పెడతాం, పొద్దున్నకి అది లేవదు.

నాది ఐపీ68 ఫోన్, అంటే నీళ్ళని తట్టుకుంటుందని రేటింగ్ ఉన్నది. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. ఐపీ68 అంటే అంతకుమించి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు చెబుతాడు. కానీ ఆ పరీక్ష కదలని మంచినీళ్ళలో, కొత్త ఫోన్ మీద జరుగుతుంది. సీలు అనేది పెద్ద కవచమేం కాదు. వెనక గాజు చుట్టూ సన్నటి జిగురు పట్టీ, సిమ్ ట్రేకి ఒక రబ్బరు వలయం, మైకు, స్పీకర్ రంధ్రాల మీద గాలిని వదిలి నీటిని ఆపే పలచటి పొర, అంతే. రెండేళ్ళ కిందట పగిలిన వెనక గాజు మార్పించాను. ఆ రోజే నా ఫోన్‌కి ఐపీ68 అన్న మాట చెల్లకుండా పోయింది.

మంచినీళ్ళకీ సముద్రపు నీళ్ళకీ తేడా ఉప్పులో ఉంది. లీటరుకి సుమారు 35 గ్రాములు. నదుల నీరు కలిసే కాలంలో బంగాళాఖాతంలో ఇది కొంత తగ్గుతుంది, అయినా ఫోన్‌కి ఆ తేడా పట్టదు. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది. లోపలి సర్క్యూట్ బోర్డు మీద వెంట్రుక మందం దూరంలో ఉన్న రెండు గీతల మధ్య నీటి చుక్క నిలిచి, ఒకదానిలో 4 వోల్టులు ఉంటే, రాగి కరిగి అటు నుంచి ఇటు వచ్చి పేరుకుంటుంది. పూజ సామాను మీద పట్టే ఆకుపచ్చ చిలుము లాంటిదే ఇదీ. కాకపోతే అక్కడ నెలలు పడుతుంది, ఇక్కడ గంటలు చాలు.

కాబట్టి మొదట చెయ్యాల్సింది కరెంటు ఆపడం. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా కొత్త ఫోన్లలో పవర్ బటన్ ఒక్కటే నొక్కి పట్టుకుంటే మాట్లాడే అసిస్టెంట్ వస్తుంది గానీ ఫోన్ ఆగదు. ఇంకా పట్టుకు కూచుంటే కొన్ని ఫోన్లు రీస్టార్ట్ అవుతాయి, అది మరీ నష్టం. పవర్, వాల్యూమ్ అప్ రెండూ కలిపి నొక్కితే చాలా ఫోన్లలో మెనూ వస్తుంది, అందులో పవర్ ఆఫ్ ఎంచుకోవాలి. మీ ఫోన్‌కి ఏది పనిచేస్తుందో తడవకముందే ఒకసారి చూసి పెట్టుకోండి. తడి వేళ్ళకి టచ్ సరిగా అందదు. ఆపిన తర్వాత, పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్ళీ ఆన్ చేయకూడదు.

తర్వాత కడగడం. ఇది వినగానే అందరూ ఉలిక్కిపడతారు. తడిసిన ఫోన్‌ని మళ్ళీ తడపడమేంటి అంటారు. ఐపీ67, ఐపీ68 ఫోన్ అయితే, ఆపేశాక, సిమ్ ట్రే మూసి ఉంచి, మంచినీళ్ళు సన్నగా పోసి చార్జింగ్ పోర్టు, స్పీకర్ జల్లెడ, బటన్ల సందులు కడగాలి. ఉప్పుతోపాటు ఇసుక కూడా పోతుంది. కొళాయి ధార వేగంగా పెట్టకూడదు. బోరు నీళ్ళు వద్దు, సముద్రానికి దగ్గర్లో బోర్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. నేను తాగే నీళ్ళ సీసాలో సగం బీచ్ గట్టు మీదే పోసేశాను. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరికితే ఇంకా మేలు. ఏ రేటింగూ లేని ఫోన్‌ని మాత్రం ఇలా కడగొద్దు, బయట తుడిచి నేరుగా షాపుకి తీసుకెళ్ళాలి. దాన్నీ లోపల కడగాల్సిందే, కాకపోతే బ్యాటరీ తీశాక.

కడిగాక మెత్తటి బట్టతో తుడిచి, అప్పుడు సిమ్ ట్రే తీశాను. ట్రే రంధ్రం లోపల ఒక చిన్న తెల్ల చుక్క కనిపిస్తుంది, నీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది. నాది ఎర్రబడింది. వెనక కెమెరా అద్దం లోపలివైపు ఆవిరి కూడా పట్టింది. ఇక సందేహం లేదు, నీళ్ళు లోపలికెళ్ళాయి.

అక్కడి నుంచి ఇంటికొచ్చేలోపు నాలుగు సలహాలు వచ్చాయి. బియ్యంలో పెట్టమన్నది మొదటిది. మూసి ఉన్న ఫోన్ లోపలి తేమని బియ్యం లాగలేదు. పైగా తవుడు, నూక పోర్టులో చేరతాయి. హెయిర్ డ్రయ్యర్ వేడికి ఉన్న జిగురు కూడా మెత్తబడుతుంది, బ్యాటరీకీ మంచిది కాదు. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే పోర్టులోని నీళ్ళు లోపలికి తోసుకెళ్తాయి, మైకు మీది పొర చిరుగుతుంది. ఎండలో పెట్టమన్నది నాలుగోది. విశాఖ మే ఎండలో నల్ల ఫోన్ ఎంత కాలుతుందో ముట్టుకుంటే చాలు.

అసలు సంగతి ఏమిటంటే, ఈ సలహాలన్నీ నీళ్ళ గురించే. నీళ్ళు ఎలాగో ఒకలా ఆరతాయి, ఉప్పు మిగిలిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం చూస్తూనే ఉంటాం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తనంతట తనే కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమరుస్తుంది. మన ఊళ్ళో 75 శాతం తేమ ఎన్ని రోజులు ఉంటుందో వేరే చెప్పాలా? అంటే జనవరిలో పూర్తిగా ఆరిపోయి బాగుందనుకున్న ఫోన్ జూలైలో లోపల మళ్ళీ తడుస్తుంది. అందుకే విప్పి కడగక తప్పదు. వీలైతే అదే రోజు. ఫోన్ ఆపేసినా బ్యాటరీ కనెక్టర్ పెట్టి ఉన్నంతసేపు బోర్డులోని మెయిన్ లైనులో కరెంటు ఉంటూనే ఉంటుంది, చిలుము పని ఆగదు.

ద్వారకానగర్‌లో ఒక చిన్న షాపుకి వెళ్ళాను. నేను చెప్పిందంతా విని అతను అడిగిన మొదటి ప్రశ్న, “బియ్యంలో ఏటైనా పెట్టీసేరా సార్?” రెండోది, “చార్జింగ్ పెట్టేరా?” ఈ రెండూ అడిగే మెకానిక్ అయితే పని తెలిసినవాడే. నేను మూడు అడిగాను: బోర్డు బయటికి తీసి కడుగుతారా, చిప్‌ల మీది రేకు మూతల కింద కూడా చూస్తారా, కడగడానికి ఏం వాడతారు. థిన్నర్, పెట్రోలు అంటే లేచి వచ్చేయాలి, అవి ప్లాస్టిక్‌నీ జిగురునీ తినేస్తాయి. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, అంటుకుపోతుంది. కావాల్సింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 70 శాతంది వద్దు, మిగతా 30 శాతం నీళ్ళే. ఒక చిన్న మాట కూడా: ఆల్కహాల్ ఉప్పుని బాగా కరిగించదు. కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్‌తో బ్రష్ చేసి, ఆ నీటిని తరిమేయడానికి తర్వాత ఆల్కహాల్ వాడాలి. చాలాచోట్ల మొదటిది ఎగ్గొడతారు. అతను సీసా తీసి చూపించాడు.

వేడి పలక మీద వెనక గాజు వెచ్చబెట్టి, సక్షన్ కప్పుతో ఎత్తి, ప్లాస్టిక్ పిక్‌తో చుట్టూ కోశాడు. తెరవగానే బ్యాటరీ కనెక్టర్ పీకాడు, మిగతా స్క్రూల జోలికి ఆ తర్వాతే వెళ్ళాడు. ఈ వరస తప్పితే స్క్రూడ్రైవర్ జారి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. చార్జింగ్ జాక్ ఉండే కింది చిన్న బోర్డు (సబ్ బోర్డు) మీద, ఆ జాక్ చుట్టూ తెల్లటి పొడి, ఒక మూల ఆకుపచ్చ మచ్చ. మెయిన్ బోర్డు మీద కనెక్టర్ల దగ్గర తప్ప పెద్దగా ఏమీ లేదు. బోర్డుని నీళ్ళతో, ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ వేసి, తర్వాత ధ్వని కంపనాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ తొట్టిలో కొన్ని నిమిషాలు ఉంచాడు. కెమెరా, మైకు, స్పీకర్, తెర, బ్యాటరీ ఆ తొట్టిలోకి వెళ్ళకూడదు. వాటిని విడిగా తుడవాలి.

ఆరాక, బ్యాటరీ బదులు కరెంటిచ్చే డీసీ సప్లైకి తగిలించి 4 వోల్టులు ఇచ్చాడు. ఇక్కడ మీటరు చూడటం ముఖ్యం. పవర్ బటన్ నొక్కకముందు ఆంపియర్ సున్నా చూపాలి. ఒక ఆంపియర్ దాటితే పూర్తి షార్ట్. 0.04 లాంటి చిన్న అంకె చూపితే ఎక్కడో కరెంటు లీకేజీ ఉన్నట్టు, ఫోన్ ఆన్ అవుతుంది గానీ రాత్రికి రాత్రి చార్జింగ్ దిగిపోతుంది. నాది 0.04 చూపింది. సబ్ బోర్డు తీసేసి మళ్ళీ కరెంటు ఇస్తే సున్నా. జబ్బు ఎక్కడో తేలిపోయింది, దాన్ని మార్చాం.

బ్యాటరీ ఉబ్బలేదు. అయినా మార్పించాను. దాని నెత్తిన ఉండే చిన్న రక్షణ పట్టీలోకి ఉప్పు వెళ్ళిందో లేదో విప్పకుండా తెలియదు, దాన్ని విప్పడం ఎవరూ చేయకూడని పని. కొత్త బ్యాటరీ మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు చూసుకున్నాను. శుభ్రానికి 700, సబ్ బోర్డుకి 550, బ్యాటరీకి 1,600 అయింది. ఫోన్ లేవకపోయినా శుభ్రం చేసిన డబ్బు ఇవ్వాలి అని ముందే చెప్పాడు, అది న్యాయమే. నీటి దెబ్బకి మామూలు వారంటీ వర్తించదు. ప్రమాద బీమా విడిగా కొని ఉంటే మాత్రం విప్పించకముందే ఆ కంపెనీకి చెప్పాలి.

లాక్ నంబరు ఇవ్వలేదు. టార్చ్, కెమెరా, అత్యవసర కాల్ తెర లాక్ తీయకుండానే పరీక్షించొచ్చు, మిగతావి నేను దగ్గరుండి తీసి చూపించాను. ఆన్ అవగానే చేసిన మొదటి పని ఫోటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్. నీళ్ళు తాగిన ఫోన్ ఇవాళ లేచిందంటే రేపు కూడా లేస్తుందని కాదు. ఈ మధ్యలో సిమ్ పాత ఫోన్‌లో వేసుకున్నాను. యూపీఐ కొత్తగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికి ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది, బ్యాలెన్స్ చూసుకోండి.

వెనక మూతకి నల్ల టీ7000 జిగురు వేసి, క్లిప్పులు పెట్టి రాత్రంతా ఉంచారు. దుమ్ము ఆపుతుంది, చినుకులు ఆపొచ్చు. సముద్రానికి మాత్రం ఇక పనికిరాదు. ఇప్పుడు రుషికొండ వెళ్ళినా యారాడ వెళ్ళినా ఫోన్ జిప్ పౌచ్‌లోనే. పౌచ్‌లో ముందు ఒక టిష్యూ పెట్టి బకెట్‌లో ముంచి చూశాను, తడిస్తే పారేద్దామని.

తర్వాత నెలరోజులు కొన్ని గమనించాను. రాత్రి పడుకునేటప్పుడు, లేచాక బ్యాటరీ శాతం రాసుకున్నాను, నాలుగు అయిదు కంటే ఎక్కువ దిగలేదు. కేబుల్ తిప్పి పెట్టినా చార్జింగ్ ఎక్కుతోంది. ఒకవైపే ఎక్కితే పోర్టులో పిన్నుని చిలుము తినేసినట్టు. పోర్టులో తడి ఉందన్న హెచ్చరిక ఒక్కసారే వచ్చింది, భీమిలి నుంచి వానలో వచ్చిన రోజు. వైరు తీసేసి, పోర్టు కిందికి ఉండేలా ఫ్యాను కింద నిలబెట్టాను. రెండు గంటల్లో పోయింది.