రెండేళ్ల ముందు మొదలయ్యే చలికాలం

ఫ్రాన్స్ మధ్యభాగంలో, లిమోజ్ నగరం చుట్టుపక్కల పల్లెల్లో, పాత రాతి ఇళ్లు కొనుక్కుని ఉండిపోయిన బ్రిటిష్ దంపతులు చాలామందే ఉన్నారు. ఎక్కువగా రిటైరయ్యి వచ్చినవాళ్లు. ఇల్లు చూడ్డానికి వచ్చేదేమో జూలైలో. బయట ఎండ మాడ్చేస్తుంటే అరవై సెంటీమీటర్ల మందం గోడల మధ్య హాయిగా ఉంటుంది. ఆ గోడలకు ఒకసారి చలి పట్టిందంటే ఓ పట్టాన వదలదని జనవరిలో తెలుస్తుంది. ఇంగ్లండులో గోడమీది మీట తిప్పితే గ్యాస్ బాయిలర్ వెలిగి ఇల్లంతా వెచ్చబడేది. ఈ పల్లెల్లో చాలావాటికి గ్యాస్ పైపు రాదు. మామూలు ఆయిల్ బాయిలర్ కొత్తగా పెట్టుకోవడం 2022 జూలై నుంచి కుదరదు. ఉన్నదాన్ని బాగుచేసుకుంటూ నెట్టుకురావాలి. ఇక మిగిలినవి కట్టెలు, కరెంటు. ముందు కట్టెల సంగతి, ఎందుకంటే అక్కడ తప్పితే డబ్బుతో కూడా సర్దుకోలేం.

కట్టెలు అమ్మే కొలత పేరు స్టేర్. మీటరు పొడవు కట్టెల్ని మీటరు వెడల్పున, మీటరు ఎత్తున పేరిస్తే ఒక స్టేర్. అదే కట్టెను 50 సెంటీమీటర్లకు కోస్తే ముక్కలు ఒకదాని సందులో ఒకటి ఇమిడి కుప్ప 0.8 ఘనమీటరుకు తగ్గుతుంది. 33 సెంటీమీటర్లకు కోస్తే 0.7. కట్టె తగ్గలేదు, మధ్యలో గాలి తగ్గింది. కొత్తగా వచ్చినవాళ్లు టేపు పట్టుకుని కొలిచి, అయిదు స్టేర్లకు డబ్బులిస్తే నాలుగే వచ్చాయని పక్క ఊరి రైతుతో తగువు పెట్టుకునేది ఇక్కడే.

అడగాల్సిన అసలు ప్రశ్న ధర కాదు, చెట్టు కొట్టి ఎన్నాళ్లయిందని. పచ్చి ఓక్ బరువులో సగానికి దగ్గరగా నీళ్లే. దాన్ని పొయ్యిలో పెడితే మంట తన వేడిలో కొంత ఆ నీళ్లు మరగబెట్టడానికే ఖర్చుపెడుతుంది. తేమ 20 శాతం లోపు దిగాలి. ఓక్ అయితే అందుకు చీల్చాక రెండేళ్లు పడుతుంది. తేమ మీటరు చవకే, కానీ దుంగ కొసన గుచ్చి చూస్తే ఎప్పుడూ మంచి అంకే వస్తుంది. దుంగను అప్పటికప్పుడు నిలువునా చీల్చి, లోపలి తాజా ముఖం మీద గుచ్చితేనే నిజం బయటపడుతుంది. బాగా ఎండిన ఓక్ స్టేరు అయిదువందల కిలోల దాకా తూగుతుంది, కిలోకు సుమారు 4 యూనిట్ల వేడి. మంచి ఇనప పొయ్యి అందులో ముప్పాతిక భాగాన్ని గదికి ఇస్తుంది. ఓక్, బీచ్, హార్న్‌బీమ్ నమ్మకమైన కట్టెలు. చెస్ట్‌నట్ ఆ ప్రాంతంలో విరివిగా, చవగ్గా దొరుకుతుంది కానీ పేలాలు వేగినట్టు చిటపటలాడుతూ నిప్పురవ్వలు విసురుతుంది. తలుపున్న పొయ్యిలోనే కాల్చాలి, తెరిచివున్న నెగడులో వద్దు.

కుప్పను నేలకు ఆనించకుండా చెక్క ప్యాలెట్ల మీద, గాలి వీచే వైపుకు పేర్చాలి. పైన మాత్రం రేకు కప్పి పక్కలు వదిలేయాలి. వాన తగలకూడదని టార్పాలిన్ చుట్టూరా చుట్టేస్తే లోపల ఊపిరాడక బూజు పడుతుంది. ఇంటి గోడకు ఆనించి పేర్చినా అంతే, కట్టె తేమంతా గోడ తాగుతుంది.

ఇనప పొయ్యి వెలిగించడంలో చాలామందికి చేయి తిరిగిన పద్ధతి తలకిందులైనది. కింద కాగితం, పైన చిదుగులు, ఆపైన దుంగలు అన్నది పాత అలవాటు. ఇప్పుడు చెప్పేది పైనుంచి కిందికి. అడుగున రెండు మూడు లావు దుంగలు కాస్త ఎడంగా, వాటి మీద అడ్డంగా మణికట్టు లావు ముక్కలు, ఆపైన వేలి లావు చిదుగులు ఎనిమిదో పదో గడులు గడులుగా, అన్నిటికన్నా పైన మైనం పూసిన కొబ్బరిపీచు లాంటి ముట్టింపు ఉండ ఒకటి. గాలి మీటలన్నీ పూర్తిగా తెరిచి పైనే అంటించాలి. పొగ ఆ మంటలోంచే వెళ్లాలి కాబట్టి చాలావరకు కాలిపోతుంది, గొట్టం కూడా త్వరగా వేడెక్కి పొగను పైకి లాగుతుంది. ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా ఉండటమే కష్టం. అద్దం నల్లబడుతోందంటే కట్టె పచ్చిదన్నా అయ్యుండాలి, గాలి తొందరపడి మూసేశారన్నా అయ్యుండాలి. తడిపిన పాత పేపరుకు కాస్త బూడిద అద్ది, పొయ్యి చల్లారాక రుద్దితే ఆ నలుపు పోతుంది.

బొగ్గు పొయ్యికి అలవాటుపడ్డవాళ్లు ఒక పని చేస్తారు: పడుకోబోయే ముందు పొయ్యి నిండా దుంగలు కుక్కి, తెల్లారేదాకా నిప్పు ఉంటుందని గాలి మొత్తం మూసేస్తారు. కట్టెతో ఇది పనికిరాదు. కుమిలే కట్టె పొగ చల్లటి గొట్టానికి తారులా అంటుకుంటుంది. ఆ పేరుకున్న తారు ఏదో ఒక చలిరాత్రి అంటుకుని గొట్టంలోంచి రైలింజను మోత వినిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది గాలి మీటలు మూసేయడం, అక్కడి అత్యవసర నంబర్లు 18కి గానీ 112కి గానీ ఫోన్ చేయడం, బయటికి రావడం. నీళ్లు పోస్తే వేడి గొట్టం పగిలిపోతుంది. పొగగొట్టం ఏడాదికి ఒకసారైనా తోమించాలన్నది అక్కడ చట్టం. తోమినాయన ఇచ్చే కాగితం భద్రంగా దాచాలి, ఎందుకంటే ఇల్లు కాలితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. అక్టోబరులో ఆయన దొరకడు. మే నెలలో పిలవండి. ఇంకో మాట: నవంబరు, డిసెంబరుల్లో ఫైర్ సిబ్బంది కొత్త ఏడాది క్యాలెండరు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ధర ఉండదు, అయిదో పదో యూరోలు ఇవ్వడం రివాజు. ఫ్రాన్స్ పల్లెల్లో వాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసే ఊరివాళ్లే. తలుపు తీయకుండా ఉండకండి.

బూడిదను ఇనప బక్కెట్లోకి ఎత్తి మూతపెట్టి, ఇంటికి దూరంగా రాతి మీద పెట్టాలి. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో కణిక రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. ప్లాస్టిక్ చెత్తడబ్బాలో పోసి కొట్టం కాల్చుకున్నవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

కరెంటు దగ్గర బ్రిటిష్ వంటింటికి తగిలే దెబ్బ వేరు. ఇంగ్లండునుంచి తెచ్చుకున్న టీ కెటిల్ మూడు కిలోవాట్లు లాగుతుంది. పల్లె ఇంటి కనెక్షన్ చాలాచోట్ల 6 కేవీఏ, అంటే ఒకేసారి లాగగలిగేది దాదాపు ఆరు కిలోవాట్లే. ఓవెన్ రెండున్నర, పక్కగదిలో హీటరు రెండు, ఆపైన సాయంత్రం టీ. లెక్క ఏడున్నరకు చేరి ఇల్లంతా చీకటి. ఫ్యూజు పోలేదు, కొత్త రకం లింకీ మీటరే పరిమితి దాటిందని కట్ చేసింది. ఏదో ఒకటి ఆపి, మీటరు మీది ప్లస్ బొత్తాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కరెంటు వస్తుంది. ప్రతి నెలా ఎక్కువ కట్టి 9 కేవీఏకి మారేకన్నా చిన్న కెటిల్ కొనుక్కోవడం నయం.

కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకు కలిసొచ్చే టారిఫ్ ఒకటుంది, పేరు టెంపో. ఏడాదిలో 300 నీలం రోజులు, 43 తెలుపు, 22 ఎరుపు. ఎరుపు రోజులు నవంబరు 1 నుంచి మార్చి 31 లోపే వస్తాయి, శని ఆదివారాల్లో రావు, వరసగా అయిదుకు మించవు. రంగు ముందురోజే చెబుతారు. ఎరుపు రోజు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా యూనిట్ ధర నీలం రోజుకు నాలుగు రెట్లు దాటుతుంది. మిగతా ఏడాదంతా మామూలు ధర కన్నా చవక. ఆ 22 రోజులూ పొయ్యి వెలిగించి, వంట సిలిండరు మీద చేసి, బట్టలు రాత్రి పది తర్వాత వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఏడాది మొత్తం మీద మిగులుతుంది. అది కుదరదనుకునేవాళ్లు ఆ జోలికి పోకపోవడం మంచిది. సిలిండరు అన్నాను కాబట్టి: బ్యూటేన్ సిలిండరును ఆరుబయట పెడితే ఉష్ణోగ్రత సున్నాకు దిగగానే గ్యాస్ రావడం ఆగిపోతుంది, నిండుగానే ఉన్నా. బయట పెట్టాల్సింది ప్రొపేన్, ఇంట్లోకి బ్యూటేన్.

కట్టెలు మోయలేని వయసులో చాలామంది, రంపపొట్టును నొక్కి చేసిన గుళికలు కాల్చే పెల్లెట్ పొయ్యికి మారతారు. పదిహేను కిలోల సంచులు, బొత్తాం నొక్కితే మంట, సుఖమే. అయితే పెల్లెట్లను లోపలికి తోసే మరకు, ఫ్యానుకు కరెంటు కావాలి. 1999 డిసెంబరు 27, 28 తేదీల తుపాను ఈ ప్రాంతపు అడవుల్ని నేలమట్టం చేసినప్పుడు కొన్ని ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే పెల్లెట్ పెట్టుకున్నా ఒక గదిలో పాత కట్టెల పొయ్యిని తీసెయ్యొద్దంటాను. దానికి బదులు కిరసనాయిలు హీటరు అనుకుంటారు కొందరు. లీటరు కిరసనాయిలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై గదిలోకే వస్తుంది. అదంతా చల్లటి రాతిగోడ మీద చెమటై కారుతుంది. తప్పనిసరైతే కిటికీ ఓరగా తీసి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుని వాడాలి.

నీటి మీటరు వీధి అంచున గోతిలో ఉంటుంది. దాని చుట్టూ థర్మోకోల్ పలకలు సరిపడా కోసి పెట్టాలి. గడ్డి, దూది లాంటివి తడి పీల్చుకుని ఇంకా చల్లబరుస్తాయి. క్రిస్మస్‌కు మనవల దగ్గరకి వెళ్లే ముందు మెయిన్ కుళాయి కట్టేసి, ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరిచి పైపులన్నీ ఖాళీ చేయాలి. టాయిలెట్ ఒకసారి లాగేయాలి. హీటర్లను మంచుబిళ్ల గుర్తు మీద ఉంచాలి. నీరు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, పైపు చీలేది అప్పుడే. నీళ్లు కారేది మాత్రం మంచు కరిగాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

ఇంతా చేస్తే, బ్రిటన్ ప్రభుత్వం చలికాలపు ఇంధన ఖర్చుకని పెన్షనర్లకిచ్చే వింటర్ ఫ్యూయల్ పేమెంట్ ఫ్రాన్స్‌లో ఉండేవాళ్లకు 2015-16 చలికాలం నుంచి రాదు. నైరుతి ఇంగ్లండు కన్నా వెచ్చని దేశాలను తీసేశారు, ఆ లెక్కలో ఫ్రాన్స్ వెచ్చని దేశమైంది. ఎలాగంటే, సగటు తీసేటప్పుడు కరీబియన్‌లోని గ్వాడెలూప్, మార్టినిక్‌లనూ, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్‌నూ కూడా కలిపేశారు. అవి ఫ్రాన్స్‌వే మరి!

బయట తిరగడం గురించి రెండే మాటలు. ఫ్రాన్స్ గడియారం ఇంగ్లండు కన్నా గంట ముందుంటుంది కాబట్టి డిసెంబరులో తెల్లారేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, బదులుగా సాయంత్రం అయిదు దాకా వెలుగుంటుంది. ఆదివారం అడవి దారిన నడవాలంటే నారింజరంగు కోటు వేసుకోండి, చలికాలమంతా అడవిపందుల వేట నడుస్తుంటుంది.

నారింజ అంటే గుర్తొచ్చింది. 2021 నుంచి బ్రిటన్‌నుంచి మాంసం, పాలపదార్థాలు వెంట తెచ్చుకోకూడదు. బేకన్, చెడ్డర్ జున్ను ఆగిపోయాయి. నారింజ తొక్కలతో చేసే జామ్, మార్మలేడ్, మాత్రం జనవరిలో ఫ్రాన్స్‌లోనే కాచుకోవచ్చు, స్పెయిన్ చేదు నారింజలు కొద్ది వారాలే దొరుకుతాయి, కనిపించినప్పుడే కొనాలి. కిలో పళ్లకు ఒక నిమ్మకాయ, రెండు లీటర్ల నీళ్లు, రెండు కిలోల మామూలు పంచదార. జామ్‌కని అమ్మే, గట్టిపడటానికి పెక్టిన్ కలిపిన పంచదార వద్దు, గింజల్లోనే అది కావలసినంత ఉంది. గింజలు, లోపలి తెల్లటి పొర పలచటి గుడ్డలో మూటకట్టి, తరిగిన తొక్కతోపాటు రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. మర్నాడు రెండు గంటలు సన్నసెగ మీద, తొక్క రెండువేళ్ల మధ్య నలిగిపోయేదాకా ఉడికించాలి. అంతవరకూ పంచదార వేయకూడదు. వేశాక తొక్క ఇక మెత్తబడదు. మూట గట్టిగా పిండి తీసేసి, పంచదార కరిగాక పెద్దమంట మీద 104 డిగ్రీలు దాటేదాకా మరిగించాలి. అరిసెల పాకం నీళ్లలో వేసి ఉండకట్టి చూస్తాం కదా, ఇక్కడ ఫ్రిజ్‌లో పెట్టిన పళ్లెం మీద చుక్క వేసి వేలితో తోయాలి. ముడత పడితే దించేయడమే. పావుగంట ఆగి సీసాల్లో పోయాలి, వేడివేడిగా పోస్తే తొక్కంతా పైకి తేలిపోతుంది.